వాగు దాటిన దుప్పి

బండ్లు ఆపే చోట అప్పటికే ఒక పికప్ నిలిచి ఉంది. దాని అద్దం మీద మంచు ఇంకా పేరుకోలేదు. వచ్చి ఎంతోసేపు కాలేదన్నమాట. కజువా ఇంజను ఆపకుండా, స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తూ దానివైపే చూస్తోంది.

"ఇంకోచోటికి పోదాం," అన్నాడు పక్కసీట్లోంచి ఆవిడ మామగారు వా మెంగ్. "మనకన్నా ముందు ఎవరో వచ్చారు."

"వస్తే? ఇంత అడవి వాళ్ల తాతదా మామయ్యా?"

"మన తాతది కూడా కాదు."

"జిల్లాది. మనమూ పన్ను కడుతున్నాం."

"పన్ను కట్టినవాళ్లందరికీ దుప్పి రాదు కోడలా. ముందొచ్చినవాడికి చోటొదలడం మర్యాద. దానికి ఖర్చేం లేదు."

"లేదని మీరే అంటారు," అంటూ కజువా ఇంజను ఆపేసి దిగిపోయింది. ఇక ముసలాయన దిగక తప్పలేదు.

ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరు తుపాకి వేట మొదలయ్యే శనివారం అది. కజువా వాసా అనే ఊళ్లో ఒక పళ్ల డాక్టరు దగ్గర సాయంగా పనిచేస్తుంది. ఆవిడకి సెలవు అడగాల్సిన పనుండదు, డాక్టరే ఆసుపత్రి మూసేసి వేటకి పోతాడు. భర్త ఫెంగ్ మంచివాడే గానీ కోడిని కోసినా కళ్లు తిరిగి పడతాడు. లావోస్ కొండల్లో పుట్టి, నడక వచ్చిన నాటినుంచి వేట తప్ప వేరే ఆట తెలియని వా మెంగ్‌కి ఆ కొడుకుతో వేగి వేగి విసుగొచ్చింది. పెళ్లయిన కొత్తలో కోడలు ఉడతని కొట్టి తెచ్చి వండిపెట్టిన రోజున ఆయన తుపాకి తుడిచి ఆవిడ చేతికిచ్చేశాడు. మోంగ్ తెగ బంధువులంతా నవ్వారు. "కొడుకుని వదిలేసి కోడలికి నేర్పుతున్నాడు, రేపు వియ్యపురాలికి కూడా నేర్పుతాడు," అన్నారు. అన్నవాళ్లంతా ఆ చలికాలం దుప్పి మాంసం తిన్నారు.

ఆయన నేర్పింది గురి ఒక్కటే కాదు. అడవిలో మనిషి ఎదురైతే ముందు నువ్వే చెయ్యెత్తాలి. తుపాకి గొట్టం నేలని చూడాలి. నవ్వాలి. "ఏమైనా దొరికిందా" అని నువ్వే అడగాలి. ఎవరి మంచె కనిపించినా దాని చూపుమేరలో కూర్చోకూడదు. ఆ అడవుల్లో తెల్లవాళ్లకీ మోంగ్ వాళ్లకీ మధ్య జరగరానివి జరిగిన రోజులున్నాయి. వాటిని ఎవరూ ఎత్తరు. ఎవరూ మరిచిపోలేదు కూడా.

అక్టోబరంతా ఆదివారాలు కజువా ఒక్కతే వచ్చి ఈ అడవి తిరిగింది. ఒకవైపు చిత్తడి, ఒకవైపు మెట్ట, మధ్యలో సన్నటి పొడినేల. ఓక్ కాయలు రాలి పరుపులా పడి ఉన్నాయి. లేత చెట్ల బెరడు మీద దుప్పి కొమ్ములు రాసిన గాట్లు పచ్చిగా ఉన్నాయి. ఆ రోజునుంచి ఆవిడకి నిద్ర సరిగ్గా పట్టలేదు. పేషెంటు నోట్లో గొట్టం పెట్టి నిలబడినా కళ్లముందు ఆ గాట్లే. అలాంటి చోటు వదిలి ఇంకోచోటికి పోదామంటే ఎలా పోతుంది?

కాలిబాట మీద కాస్త దూరం నడిచేసరికి తలకి దీపం కట్టుకున్న మనిషి ఒకడు మోకాలి మీద వంగి బూటు తాడు బిగించుకుంటూ కనిపించాడు. అరవై దాటిన భారీ మనిషి, నెరిసిన గడ్డం, నారింజరంగు కోటు. వా మెంగ్ వెంటనే చెయ్యెత్తాడు.

"చలి బాగా!" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

"బాగా," అని ఆ మనిషి లేచాడు. గొంతు మెత్తగా ఉంది. "ఎటువైపు వెళ్తున్నారు?"

"ఓక్ చెట్ల దగ్గరికి," అంది కజువా.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అక్కడ మా మంచె ఉందమ్మా. మా నాన్న కట్టాడు. నేనూ మా తమ్ముడూ ఏటా అక్కడే కూర్చుంటాం. తప్పుగా అనుకోవద్దు, చీకట్లో ఎవరికీ దెబ్బ తగలకూడదని చెప్తున్నా."

ఆ మంచెని కజువా చూసింది. పుచ్చిన చెక్కలు, వంగిపోయిన నిచ్చెన. ఎవరూ రావడం లేదనుకుంది. అయినా అందరి అడవిలో మంచె కట్టి ఏళ్ల తరబడి వదిలెయ్యకూడదు, రూలు ఉంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అరిచేవాడితో అయితే అరవొచ్చు, మెత్తగా మాట్లాడేవాడితో పోట్లాట ఎలా పెట్టుకోవడం?

"మరి మమ్మల్నెక్కడ కూర్చోమంటారు?" అంది.

"కింద వాగుంది కదా. వాగుకి ఇవతల మేం, అవతల మీరు. అటు మేం రాం, ఇటు మీరు రావద్దు. సరేనా?" అని చెయ్యి చాపాడు. "నా పేరు వెర్లిన్."

వా మెంగ్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "సరే, సరే. చాలా మంచిది."

వాగు దాటాక కజువా ఊరుకోలేదు. "సొంత పొలానికి గట్టు వేసినట్టు వేశాడు."

"గట్టు వేశాడు, తరమలేదుగా. తరిమినవాళ్లని చూశాన్నేను," అన్నాడు ముసలాయన. "నవ్వుతూ హద్దు చెప్పేవాడు దొరకడం అదృష్టమే కోడలా. పద."

వాగుకి దగ్గరగా, పడిపోయిన భూర్జ మానుకి వీపు ఆనించి వా మెంగ్ కూర్చున్నాడు. కజువా పైకెళ్లి చిత్తడి అంచున ఒక గుబురులో చేరింది. తెల్లారింది. దూరంగా ఎక్కడో మొదటి తుపాకి మోగింది, తర్వాత ఇంకోటి, తర్వాత పేలాలు వేగినట్టు వరసగా. రోజంతా జనానికి "కదలకండి, ఇంకొక్క నిమిషం" అని చెప్పే కజువాకి తను కదలకుండా కూర్చోవడం మాత్రం చేతకాదు. కాలివేళ్లు ముడుస్తుంది, విప్పుతుంది. చేతి తొడుగు తీస్తుంది, వేసుకుంటుంది. ఉడత ఉరికితే గుండె ఉరుకుతుంది. ఓక్ చెట్లవైపునుంచి గాలి వచ్చినప్పుడల్లా అక్కడ తను కూర్చోవాల్సింది కదా అని మెడ చాచి అటే చూస్తుంది.

కాసేపటికి కొమ్మలు విరిగిన చప్పుడైంది. దుప్పి కాదు, మనిషి. ఎర్రటి బుగ్గలు, పొట్టి మెడ, వెర్లిన్ కన్నా పదేళ్లు చిన్నవాడు. అదే పోలిక. వాగు దాటి ఇటే వస్తున్నాడు. కజువా నారింజ టోపీ ఊపింది. అతను చూశాడు, కానీ చెయ్యి ఎత్తలేదు. ఆవిడ ముందున్న పొడినేల మీదుగా అడ్డంగా నడిచి, ఒక చెట్టు దగ్గర మూత్రం పోసి, తీరిగ్గా వెనక్కి వెళ్లాడు. ఆ వాసన తగిలితే ఇక ఏ జంతువు వస్తుంది? కజువాకి అరికాలి మంట నెత్తికెక్కింది. గుబురు వదిలి ఇంకా పైకి పోయి కూర్చుంది. ఎండ మంచుమీద పడే వేళకి అతను మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక మొద్దుమీద కూర్చుని ఏదో నమిలాడు. కవరు గరగరలు అంత దూరానికీ వినిపించాయి. తర్వాత లేచి వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన వెనకే, ఆ చప్పుడుకే చిత్తడిలోంచి లేచిందో ఏమో, దుప్పి వచ్చింది. మెడ లావుగా ఉబ్బి, ముక్కు నేలకి పెట్టుకుని, ఆడదాని వాసన వెతుక్కుంటూ గడ్డిలోంచి బయటికి అడుగుపెట్టింది. కొమ్ములు చూడకూడదు, చూస్తే చెయ్యి వణుకుతుంది అని మామయ్య చెప్పినమాట. కజువా ముందుకాలి వెనక సందునే చూసింది. ఎడమవైపు. ఊపిరి సగం వదిలి మీట నొక్కింది.

దుప్పి ఒక్క ఎగురు ఎగిరి, తోక దించుకుని, నేలకి కరుచుకున్నట్టు పరుగెత్తింది. వాగువైపు.

తగిలిన దుప్పిని వెంటనే తరమకూడదు. తరిమితే మిగిలిన ప్రాణమంతా కాళ్లలోకి తెచ్చుకుంటుంది. కజువా పళ్లు బిగించి కూర్చుంది. అంతలో వాగు అవతల తుపాకి పేలింది. ఒక్కటే. ఇక ఆవిడ కూర్చోలేదు.

మంచు మీద నెత్తురు నురగలు నురగలుగా, గులాబీరంగులో పడి ఉంది. ఊపిరితిత్తుల నెత్తురు. గుడ్డివాడైనా ఆ జాడ పట్టుకుని పోగలడు. జాడ మామయ్య కూర్చున్న మాను పక్కనుంచి పోయింది. మామయ్య అక్కడ లేడు. జాడ వాగులో దిగి అవతల గట్టెక్కింది. ఆవిడ కూడా దిగి ఎక్కింది.

దుప్పి ఫెర్న్ మొక్కల మధ్య పక్కకి ఒరిగి పడి ఉంది. దానికి అటు ఎర్రబుగ్గల తమ్ముడు, ఛాతీకి అడ్డంగా తుపాకి. పక్కన వెర్లిన్. ఇటు వా మెంగ్ ఒక్కడే. తన తుపాకిలో తూటాలు తీసేసి, పట్టీతో వీపుకి తగిలించుకుని, రెండు చేతులూ అందరికీ కనబడేలా పెట్టుకుని నవ్వుతున్నాడు.

"మా వైపు పడింది," అంటున్నాడు తమ్ముడు. "నేను కొట్టాను, పడింది. ఇంకేం కావాలి?"

"మంచి దుప్పి. నువ్వు మంచి కొట్టావు. నువ్వు తీసుకో," అన్నాడు వా మెంగ్.

కజువా ఆయాసపడుతూ వచ్చి నిలబడింది. ముందుకాలి వెనక రంధ్రం కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. తమ్ముడి తూటా తొడలో తగిలింది. "ఇది—" అని నోరు తెరిచింది.

"ఇచ్చేశాను," అన్నాడు వా మెంగ్ మోంగ్ భాషలో, నవ్వు చెదరకుండా. "మాట్లాడకు. వెనక్కి తిరుగు. నడు."

ఆవిడ వెర్లిన్ వైపు చూసింది. పొద్దున్న చెయ్యి చాపిన మనిషి ఇప్పుడు చెట్ల కొమ్మలకేసి చూస్తున్నాడు. కజువా వెనక్కి తిరిగింది. వాగు దాటేదాకా వెనక్కి చూడలేదు.

కారు దగ్గర వా మెంగ్ అన్నం బుట్ట విప్పాడు. జిగురన్నం, ఉడకబెట్టిన కోడి, పచ్చిమిర్చి దంచిన పచ్చడి. కోడలి ముందు పెట్టాడు. కజువా ముట్టుకోలేదు. కారు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"తిను."

"అది నా దుప్పి మామయ్యా."

"తెలుసు. నా పక్కనుంచే పోయింది. గాయం చూశాను."

"చూసీ ఇచ్చారా?"

"చూసే ఇచ్చాను. తుపాకులున్న నలుగురి మధ్య ఒక దుప్పి పడి ఉంటే అక్కడ గెలవాల్సింది దుప్పిని కాదు. నలుగురూ నడిచి బయటికి రావాలి. వచ్చాం. ఇక అన్నం తిను."

"మీరు ఎప్పుడూ ఇంతే. చేపలు పట్టే దగ్గర గట్టుమీద చోటిస్తారు. దుకాణంలో వరసలో చోటిస్తారు. నవ్వుతూ ఇస్తారు. మీదైతే ఇచ్చుకోండి. ఇవాళ నాది ఇచ్చేశారు. నన్నడిగారా?"

"అడిగే టైముందా అక్కడ?"

"ఇచ్చే టైము మాత్రం ఉంది!"

ముసలాయన కోడిముక్క బుట్టలో పెట్టేశాడు. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో కోడలు ఆయనతో ఆ గొంతుతో మాట్లాడలేదు. "ఇంటికి పోదాం," అన్నాడు.

"నేను రాను."

తాళాలు ఆవిడ జేబులో ఉన్నాయి. ఆయనకి బండి నడపడం వచ్చు గానీ కళ్లకి పొర కమ్మాక మానేశాడు. అందుకని ఇద్దరూ అలా కూర్చున్నారు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక డిక్కీ అంచున. మధ్యలో అన్నం చల్లారిపోయింది.

మధ్యాహ్నం దాటాక అన్నదమ్ములు దుప్పి కొమ్ములకి తాడు కట్టి ఈడ్చుకుంటూ వచ్చారు. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. పేగులు అడవిలోనే తీసేశారు. వెర్లిన్ చేతులు మోచేతుల దాకా ఎండిన నెత్తురుతో ఉన్నాయి. కజువా లేచింది. తుపాకిని కారులో పెట్టి తాళం వేసింది. చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకుంది.

"కోడలా. వద్దు. నా మాట విను."

ఆవిడ వినలేదు. వట్టి చేతులతో నడుచుకుంటూ పికప్ దగ్గరికి వెళ్లింది.

"ఒక మాట అడగాలి," అంది వెర్లిన్‌తో.

"ఏముంది అడగడానికి?" అన్నాడు తమ్ముడు. "ముసలాయనే ఇచ్చాడు."

"రాడ్, ఆగు," అన్నాడు వెర్లిన్.

"ఇచ్చాడు," అంది కజువా. "ఆయన ఏమిచ్చాడో నాకు తెలుసు. మీరేం తీసుకున్నారో మీ నోటితో చెప్పండి. పేగులు తీసింది మీరేగా?"

"నేనే."

"ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి?"

వెర్లిన్ తన చేతులకేసి చూసుకున్నాడు. అప్పటికే వా మెంగ్ పరుగులాంటి నడకతో వచ్చి కోడలి పక్కన నిలబడ్డాడు. "లేదు, లేదు. నేను ఇచ్చాను. నీది. అంతా మంచిది," అంటూ చేతులూపాడు.

"చూశావా?" అన్నాడు రాడ్.

వెర్లిన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "పెద్దాయన మాకిచ్చేశానంటున్నాడు, మీరు మీదంటున్నారు. నేనెవరి మాట వినాలమ్మా?"

"ఎవరి మాటా వినొద్దు. మీ చేతులకి ఏం తగిలిందో అది చెప్పండి."

వెర్లిన్ మోచేతి మీద ఎండిన నెత్తురు బొటనవేలితో గీకాడు.

"చితికిపోయి ఉన్నాయి," అన్నాడు వెర్లిన్ చివరికి. "రెండూ. వీడు కొట్టేసరికే అది చచ్చిపోతూ పరుగెత్తుతోంది."

"అయితే ఏంటి?" రాడ్ బుగ్గలు ఇంకా ఎర్రబడ్డాయి. "పడింది మన వైపు. వాగు హద్దని నువ్వే పెట్టావు, వీళ్లే ఒప్పుకున్నారు!"

"హద్దు మనుషులకి పెట్టాం," అంది కజువా. "మీరు పొద్దున్నే రెండుసార్లు దాటారు. ఒకసారి నా ముందే ప్యాంటు విప్పారు. రెండోసారి మొద్దుమీద కూర్చుని చిప్స్ తిన్నారు."

వెర్లిన్ మెల్లగా తమ్ముడివైపు తిరిగాడు. "దాటావా?"

"మూత్రానికి వెళ్లాను!"

"అడవంతా వదిలి అక్కడికా?"

"నీ మంచె మీద ఎంతసేపని కూర్చోను? ఒక్క దుప్పి రాలేదు! నాన్న చోటు, నాన్న చోటు అని ఏటా కూర్చోబెడతావు, ఏటా ఉత్త చేతులతో పోతాం!"

"నేను వాళ్లకి చెయ్యి ఇచ్చి చెప్పాన్రా, అటు రామని. నా నోటితో చెప్పాను."

"నన్నడిగి చెప్పావా?"

ఆ మాట వినగానే కజువాకి ఎక్కడో తగిలింది. మామయ్య వైపు చూడబోయి మానేసింది.

వెర్లిన్ తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయి చాలాసేపు రాలేదు. విప్పాక, "దుప్పి ఆవిడది," అన్నాడు. రాడ్ ఏదో బూతు తిట్టి, పికప్ ఎక్కి తలుపు దడేలుమని వేసుకున్నాడు.

"అక్కడే చెప్పాల్సింది నేను," అన్నాడు వెర్లిన్ ఆవిడతో.

"అవును," అంది కజువా. పరవాలేదు అని అనలేదు. అంటే ఆయనకి తేలికయ్యేది.

ఇద్దరూ చెరో పక్క పట్టి దుప్పిని కారు డిక్కీ దాకా మోశారు. వా మెంగ్ ఒక్క చెయ్యి కూడా వెయ్యలేదు. దూరంగా జరిగి, తన సొమ్మేదో పోలీసులు పట్టుకుపోతున్నట్టు చూస్తూ నిలబడ్డాడు. కజువా ఫోనులో వేట నమోదు చేసింది. తర్వాత కత్తి తీసి వెనకతొడ ఒకటి కీలు దగ్గర కోసి విడదీసింది. రాడ్ తూటా తగిలిన తొడే.

"ఇది మీ తమ్ముడికి," అంది. "మావాళ్లలో వేటలో తూటా తగిలించిన ప్రతివాడికీ వాటా ఉంటుంది."

"వాడికా?" వెర్లిన్ ఆశ్చర్యపోయాడు.

"మీరు కాల్చలేదుగా. మీకు లేదు."

గడ్డం మనిషి మొహం కందిపోయింది. తీసుకోవాలో వద్దో తెలియక చేతులు ఆడించాడు. "వద్దమ్మా. ఇంత జరిగాక వాడు తినడు, నేను మొహం ఎత్తుకుని..."

వా మెంగ్ అప్పుడు కదిలాడు. కోడలి చేతిలోంచి ఆ తొడ లాక్కున్నట్టే తీసుకున్నాడు. నేరుగా పికప్ దగ్గరికి వెళ్లి, వెనక తొట్టిలో శుభ్రంగా ఉన్న మూల చూసి, తన మెడకి చుట్టుకున్న గుడ్డ పరిచి దానిమీద పెట్టాడు. లోపల రాడ్ తల తిప్పలేదు. ముసలాయన అద్దం అవతలినుంచే అతనికి చెయ్యెత్తి నవ్వాడు. వెనక్కి తిరిగేసరికి ఆ నవ్వు లేదు.

వాసా దాకా దారంతా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. కజువా రేడియో పెట్టింది, తీసేసింది. వేడిగాలి పెంచింది, తగ్గించింది. గెలిచాననుకోవాలా, తప్పు చేశాననుకోవాలా? ఏదీ కుదురుగా నిలవడంలేదు. నోటిమాట వెనక్కి తీసుకోవడం మోంగ్ ఇంట్లో చిన్న సంగతి కాదు. అందులోనూ మామగారి మాట, పరాయివాళ్ల ముందు, కోడలు.

సాయంత్రం గరాజులో దుప్పిని వేలాడదీసి తోలు తీస్తుంటే వంటింటి తలుపు కాస్త తెరిచి ఫెంగ్ తల పెట్టాడు. చూపు గోడమీదే ఉంచుకుని, "ఎవరు కొట్టారు?" అని అడిగాడు.

"నీ పెళ్లాం," అన్నాడు వా మెంగ్. అడవినుంచి వచ్చాక అదే మొదటి మాట. "రెండు కొట్టింది. ఒకటి దుప్పిని, ఒకటి నన్ను."

ఫెంగ్ భార్య మొహం చూశాడు, తండ్రి మొహం చూశాడు, మెల్లగా తలుపు వేసుకున్నాడు.

కజువా వీపుమాంసం తీస్తోంది. సన్నకత్తి ఎముక వెంట ఆనించి లాగితే రిబ్బనులా ఊడివచ్చే మాంసం అది, కళ్లు మూసుకునైనా తీయగలదు. సగంలో కత్తి పక్కకి జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. పికప్ దగ్గర తను ఒక్కొక్క మాటా అంటున్నంతసేపూ రాడ్ తుపాకి భుజంనుంచి దించలేదు. తలుపు వేసుకునేదాకా అతని కుడిచెయ్యి దానిమీదే ఉంది. అప్పుడది కంటికి కనపడింది గానీ మెదడుకెక్కలేదు. ఇప్పుడెక్కింది. అతని ఎర్రబుగ్గలు, పక్కన వట్టి చేతులూపుతూ మామయ్య, మధ్యలో తను. కత్తి బల్లమీద పెట్టేసి తలకిందులుగా ఉన్న బకెట్ మీద కూలబడింది.

వా మెంగ్ పని ఆపకుండానే చూశాడు. "భయం ఇప్పుడొచ్చిందా?" అన్నాడు.

కజువా తలూపింది.

"నాకు పొద్దున్నే వచ్చింది. వాగు అవతల." తోలుని పిడికిలితో కిందికి నెట్టాడు. "మర్యాద, మర్యాద అంటానని వెక్కిరిస్తావు కదా. అందులో సగం ఇదే."

"మిగతా సగం?"

"మిగతా సగం నిజంగా మర్యాదే," అన్నాడు చిరాగ్గా. "అంతా భయమే అనుకోకు."

ఆవిడ చేతుల్ని చంకల్లో పెట్టుకుని కూర్చుంది. గరాజు తలుపు కింద సందులోంచి చలిగాలి కాళ్లకి కొడుతోంది.

"మీ మాట తీసేశాను మామయ్యా. అందరి ముందూ."

"తీసేశావు."

"మీరు మాత్రం ఇంకోసారి నాది ఇచ్చేముందు నన్నడగాలి."

"అడిగేలోపు కాల్చేస్తే?"

వా మెంగ్ ఆవిడ వదిలేసిన కత్తి తీసుకుని, పొరకమ్మిన కళ్లని మాంసానికి దగ్గరగా పెట్టి, ఎముక వెంట తడుముకుంటూ మిగతా సగం కోయడం మొదలుపెట్టాడు. వంకరగా వస్తోంది.

"ఎడమకి," అంది కజువా. "ఇంకొంచెం ఎడమకి."

"తెలుసు," అన్నాడు ముసలాయన. అని ఎడమకి జరిపాడు.